ఆటలు పన్నెండు రోజులు, కరెంటు బిల్లు ముప్పై ఏళ్ళు

2030 కామన్వెల్త్ క్రీడల్ని అహ్మదాబాద్‌కు ఖాయం చేస్తూ 2025 నవంబరు 26న గ్లాస్గోలో నిర్ణయం జరిగింది. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన ఆటలకు అది నూరో ఏడు. అంతకు ఏడాది ముందే, 2024 అక్టోబరులో, 2036 ఒలింపిక్స్ మేం నిర్వహిస్తామంటూ భారత ఒలింపిక్ సంఘం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి లేఖ పంపింది. ఇక వచ్చే పదేళ్ళూ ప్రతి శంకుస్థాపన సభలోనూ ఒకే మాట వింటాం: ఈ ఆటలు దేశానికి శాశ్వతమైన వారసత్వాన్ని మిగులుస్తాయి.

మిగులుతాయా లేదా అన్నది టెండరు పిలిచే రోజునే తేలిపోతుందని నా వాదన. ఆ రోజుకల్లా మూడు సంగతులు కాగితం మీద ఉండాలి. ఆటలు ముగిసిన మర్నాడు తాళంచెవులు ఎవరి చేతికి పోతాయి? జీతాలూ కరెంటూ ఎవరి పద్దులోంచి వస్తాయి? తెల్లవారుజామున ఐదు నుంచి రాత్రి పది దాకా లోపల ఆడేదెవరు? వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ కట్టడం కట్టకూడదు. అద్దెకు తెచ్చి వేసుకుని, ఆటలయ్యాక విప్పేయాలి.

వంద కోట్ల భవనం అసలు ధర

వంద కోట్లు పెట్టి ఐదువేల సీట్ల ఇండోర్ స్టేడియం కట్టారనుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, కానీ స్టేడియాలు నడిపేవాళ్ళు చూసి నవ్వే అంకెలు కావు. మరమ్మతులకు ఏటా కట్టుబడి ఖర్చులో రెండు శాతం కేటాయించాలన్నది ఇంజనీర్లు మామూలుగా వేసే లెక్క. అది 2 కోట్లు. మేనేజరు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్, ప్లంబరు, కాపలావాళ్ళు, ఊడ్చేవాళ్ళు కలిపి పాతికమంది, తలకు నెలకు సగటున పాతికవేలు. అది 75 లక్షలు.

తర్వాత కరెంటు. ప్రణాళికలు రాసేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఇంత భవనానికి వెయ్యి కేవీఏ (కరెంటు లోడు కొలత) హైటెన్షన్ కనెక్షన్ తీసుకుంటారు. హెచ్‌టీ కనెక్షన్‌కు వాడిన యూనిట్లకే కాదు, ఒప్పుకున్న డిమాండుకు, అంటే ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడుకు కూడా నెలనెలా కట్టాలి. మన డిస్కంల పద్ధతిలో వాడకం ఎంత పడిపోయినా ఒప్పంద డిమాండులో 80 శాతానికి బిల్లు పడుతుంది. కేవీఏకు 475 రూపాయలు వేసుకుంటే నెలకు 3 లక్షల 80 వేలు, ఏడాదికి 45 లక్షల పైచిలుకు. లోపల ఒక్క ట్యూబులైటు వెలగకపోయినా ఇది తప్పదు. చెక్క ఫ్లోరు, ఏసీ చల్లదనాన్నిచ్చే చిల్లర్లు, స్కోరుబోర్డు, కుర్చీలు పది పన్నెండేళ్ళకోసారి మార్చాలి కాబట్టి ఏటా ఇంకో కోటి తీసి పెట్టాలి. మొత్తం 4 కోట్ల 20 లక్షలు. వాడిన యూనిట్ల బిల్లు ఇందులో లేదు.

రాబడి సంగతి చూద్దాం. హాల్లో ఎనిమిది బ్యాడ్మింటన్ కోర్టులు, రోజుకు పద్నాలుగు గంటలు, గంటకు 400 రూపాయలు. అరవై శాతం నిండితే రోజుకు దాదాపు 27 వేలు, ఏడాదిలో 330 రోజులు నడిస్తే 89 లక్షలు. కష్టపడి నడిపినా జీతాలు వెళ్ళిపోతాయి, అంతకు మించి ఏమీ కాదు. లోటు 3 కోట్ల 30 లక్షలు. ఈ లోటును ఏడు శాతం వడ్డీతో పూడ్చాలంటే 47 కోట్ల మూలధనం బ్యాంకులో ఉండాలి. ధరల పెరుగుదల కూడా కలిపితే ఇంకా ఎక్కువ. అంటే మంత్రివర్గం ముందుకు వంద కోట్లుగా వెళ్ళిన ఫైలు నిజానికి నూటయాభై కోట్ల ఫైలు. ఆ రెండో భాగం ఎవరూ రాయరు, ఎందుకంటే రాస్తే మొదటి భాగం కూడా మంజూరు కాదేమోనని భయం. నిజంగానే కొన్ని మంజూరు కావు. కాకపోవడమే మంచిది.

ఇందులో కొంత లోటును డిజైన్ దశలోనే తగ్గించుకోవచ్చు. ఆటల రోజుల ప్రసార దీపాలకూ అదనపు ఏసీకీ కావాల్సిన లోడును తాత్కాలిక కనెక్షనుతోనో అద్దె జనరేటర్లతోనో నడిపి, శాశ్వత ఒప్పంద డిమాండు రోజువారీ వాడకానికి సరిపడా మాత్రమే పెట్టుకోవాలి. పెద్ద హాలుకూ ప్రాక్టీసు హాలుకూ వేర్వేరు మీటర్లు ఉండాలి. ఒక పెద్ద చిల్లర్ బదులు మూడు చిన్నవి పెడితే పిల్లల శిక్షణ జరిగే సాయంత్రం ఒక్కటి నడిపితే చాలు. పైకప్పు అంచున వెలుతురొచ్చే కిటికీలు పెట్టి, మ్యాచ్‌ల రోజున వాటిని మూసే తెరలు అమర్చాలి. వేసవిలో పగటిపూట లైట్లు వేయక తప్పని ఇండోర్ స్టేడియం మన దేశంలో కట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

ఢిల్లీ: ఏడేళ్ళు ఉన్నా చాలలేదు

2010 అక్టోబరు 3 నుంచి 14 దాకా జరిగిన ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల పేరెత్తగానే అందరికీ కుంభకోణమే గుర్తొస్తుంది. ట్రెడ్‌మిల్లుల అద్దె దగ్గర్నుంచి టాయిలెట్ పేపరు దాకా అన్నీ వార్తలే. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అంతకంటే ఎక్కువ నష్టం చేసిన లోపం కాగ్ 2011లో ఇచ్చిన నివేదికలో ఉంది. ఆటలు మనకు దక్కింది 2003 నవంబరులో, జమైకాలోని మాంటెగో బేలో. చేతిలో ఏడేళ్ళున్నాయి. మొదటి మూడేళ్ళు దాదాపుగా ఏ నిర్ణయమూ లేకుండా గడిచిపోయాయి. చివరికి వచ్చేసరికి బడ్జెట్టు 18,532 కోట్లకు చేరింది.

ఆలస్యానికీ వారసత్వానికీ సంబంధమేమిటంటే, తొందరలో మొదట ఎగిరిపోయేది ఆటల తర్వాతి ఆలోచనే. పన్నెండు నెలల్లో పూర్తి చేయాల్సిన కాంట్రాక్టరును పట్టుకుని, ఈ సీట్లు తర్వాత విప్పగలిగేలా కట్టమని ఎవరూ అడగరు. కట్టేస్తే చాలంటారు. తాత్కాలిక కట్టడాలకు డిజైను మార్చే వ్యవధి ఉండదు, నిర్వాహకుణ్ణి ఎంపిక చేసే వ్యవధి అంతకన్నా ఉండదు. ఆటలయ్యాక ఆ స్టేడియాలు వాటి పాత యజమానులైన ప్రభుత్వ సంస్థల దగ్గరికే తిరిగి పోయాయి. వాటి పద్దులు మాత్రం మునుపటంతే ఉన్నాయి, బిల్లులే పెరిగాయి.

జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సంగతే చూడండి. 1982 ఆసియా క్రీడలకు కట్టారు, 2010 కోసం 961 కోట్లతో తిరగకట్టారు. 2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ కోసం ఆగస్టులో మోండో కంపెనీ కొత్త సింథటిక్ ట్రాక్ పరిచారు. అదే ఏడాది నవంబరులో, దాన్ని పడగొట్టి 102 ఎకరాల్లో స్పోర్ట్స్ సిటీ కట్టే ఆలోచన ఉన్నట్టు కేంద్ర క్రీడాశాఖ నుంచి వార్త వచ్చింది. స్పోర్ట్స్ సిటీ మంచిదే కావచ్చు. కానీ 961 కోట్లు పెట్టిన కట్టడానికి పదిహేనేళ్ళకే ఈ ప్రశ్న ఎదురైందంటే, 2010లో దానికి ముప్పై ఏళ్ళ పని అప్పజెప్పలేదనే అర్థం.

త్యాగరాజ్ స్టేడియాన్ని 2010లో నెట్‌బాల్ కోసం కొత్తగా కట్టారు. 2022 మేలో అక్కడ ప్రాక్టీసు చేసే అథ్లెట్లను సాయంత్రం ఏడింటికల్లా పంపించేస్తున్నారనీ, ఆ తర్వాత ఒక పెద్ద అధికారి అక్కడ కుక్కను తిప్పుకుంటున్నారనీ పత్రికల్లో వచ్చింది. ఆ గొడవతో ఢిల్లీ ప్రభుత్వం తన స్టేడియాలన్నీ రాత్రి పదింటిదాకా తెరిచి ఉంచమని ఆదేశించింది. అందరం ఆ కుక్క గురించే మాట్లాడుకున్నాం. ఢిల్లీ ఎండాకాలంలో అథ్లెట్‌కు పనికొచ్చే గంటలు ఏడు దాటాకే మొదలవుతాయన్న సంగతి పక్కకు పోయింది. గేటు ఎన్నింటికి మూస్తారు అన్నది వారసత్వ ప్రణాళికలో మొదటి పేజీలో ఉండాల్సిన వాక్యం.

ఢిల్లీలో మిగిలినవి లేవని కాదు. 1982 ఆసియా క్రీడల నిర్వహణ యంత్రాంగాన్ని రద్దు చేయకుండా, దాని కొనసాగింపుగా 1984లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా పెట్టారు. దాని పనితీరు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, నలభై ఏళ్ళుగా హాస్టళ్ళూ శిక్షకులూ నడుస్తున్నది దాని కిందే. 2010కి ముందు క్రీడాకారుల తయారీకి 678 కోట్ల పథకం మంజూరైంది. సొంతగడ్డ మీద 38 స్వర్ణాలతో కలిపి 101 పతకాలు, రెండేళ్ళకు లండన్‌లో ఆరు ఒలింపిక్ పతకాలు వచ్చాయి. లండన్ తర్వాత అలాంటి పథకం మళ్ళీ 'టాప్స్' (టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్) పేరుతో వచ్చింది 2014లో. మధ్యలోని ఆ ఖాళీ ఖరీదు ఏ నివేదికలోనూ దొరకదు.

హైదరాబాద్: ఒకే ఆవరణలో మంచీ చెడూ

2002 డిసెంబరు జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను, హాకీ మైదానం పక్కపక్కనే కట్టారు. ఆ నిర్ణయం సరైనదే. ఒకే ఆవరణ అయితే ఒకే సబ్‌స్టేషన్, ఒకే నీటి ట్యాంకు, ఒకే సిబ్బంది సరిపోతారు. ఆ కట్టడాలతోనే 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ మిలటరీ క్రీడలు, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ జరిగాయి. ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఆ తర్వాత ఇంకెక్కడా జరగనేలేదు, అది వేరే సంగతి. ఏడేళ్ళలో నాలుగు పెద్ద పోటీలకు పనికొచ్చాయంటే మామూలు విషయం కాదు.

తర్వాత ఎవరు నడపాలి? కట్టిన తర్వాత వచ్చిన ఈ ప్రశ్నకు 2003లో దొరికిన జవాబు ఐఎంజీ భారత అనే సంస్థతో ఒప్పందం. క్రీడా అకాడమీలు పెట్టడానికని గచ్చిబౌలి, మామిడిపల్లి ప్రాంతాల్లో 850 ఎకరాలు కేటాయించారు. 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి 2024లో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025లో దేశమంతా మాట్లాడుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు ఆ భూమిలోవే. ఎవరిది తప్పన్నది కోర్టులు చూసుకున్నాయి. స్టేడియాలు నడిపే మనిషి కోసం వెతుకులాట భూముల కేసుగా మారి పద్దెనిమిదేళ్ళు నడిచింది. నిర్వాహకుణ్ణి కట్టకముందే బహిరంగ పోటీలో ఎంచుకోవాలనీ, బేరంలో భూమి ఉండకూడదనీ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అదే ఆవరణలో క్రీడాకారుల వసతి కోసం ఉన్న బహుళ అంతస్తుల స్పోర్ట్స్ టవర్‌ను 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆ సమయంలో దాన్ని తప్పుపట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ నిండా పిల్లలున్న హాస్టల్ అయితే అంత తేలిగ్గా దొరికేది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన సైక్లింగ్ వెలోడ్రోమ్ ఇంకా దయనీయం. వెలోడ్రోమ్ కట్టే ముందు నగరంలో ట్రాక్ సైకిళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. వందలోపు ఉంటే ముందు సైకిళ్ళు, శిక్షకులు కొనాలి, కాంక్రీటు తర్వాత.

మంచి వైపు కూడా చూద్దాం. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు తన ప్రాక్టీసును గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి మార్చుకుంది. చిన్న అకాడమీ హాల్లో షటిల్ గాలివాటం తెలియదు. పెద్ద పైకప్పు, పెద్ద ఏసీ ఉన్న హాల్లో షటిల్ పక్కకు లాగుతుంది. అలవాటు పడాలంటే అలాంటి హాలే కావాలి. 2002 ఆటల కోసం కట్టిన హాలు 2021లో ఒలింపిక్ కాంస్యానికి ఇలా ఉపయోగపడింది. అంతకు ముందు రెండు ఒలింపిక్ పతకాల వెనక ఉన్న గోపీచంద్ అకాడమీ కూడా ఆ పక్కనే, 2003లో ప్రభుత్వం లీజుకిచ్చిన ఐదెకరాల్లో, 2008 నుంచి నడుస్తోంది. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తీసే శిక్షకుడు ఉన్నాడు. పెద్ద హాలు ఆయనది కాదు, కానీ పక్కనే ఉంది. ఈ రెండూ పక్కపక్కన పడటం ప్రణాళిక వల్ల కాదు, అదృష్టం వల్ల. అహ్మదాబాద్‌లో దాన్ని ప్రణాళికలోనే రాసుకోవచ్చు.

ప్రధాన స్టేడియానికి దొరికిన అద్దెదారు హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు. 2019లో వచ్చింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఒక్క ఫ్రాంచైజీని నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. అద్దెదారులు కనీసం ముగ్గురు ఉండాలి. ఒక క్లబ్బు, ఒక విశ్వవిద్యాలయమో పాఠశాలల సమూహమో, ఒక శిక్షణ కేంద్రం. మొదటిది డబ్బిస్తుంది, రెండోది పగలు నింపుతుంది, మూడోది తెల్లవారుజామున తలుపు తీయిస్తుంది.

విప్పేసేలా కట్టడం

మాంచెస్టర్ 2002 కామన్వెల్త్ క్రీడలకు స్టేడియం కట్టేముందే మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బుతో ఒప్పందం కుదిరింది. ఆటలప్పుడు 38 వేల సీట్లు. ఆటలయ్యాక అథ్లెటిక్స్ ట్రాక్ తీసేసి, నేలను తవ్వి దించి, ఆ లోతులో అదనపు వరుసలు కట్టారు. కింది వరుసల గోడలు ముందే భూమిలో తయారుగా ఉన్నాయి కాబట్టి ఏడాదిలో పని అయిపోయింది. 

దీనికి పదేళ్ళ తర్వాత వచ్చిన లండన్, ఇంకా జాగ్రత్తగా ఆలోచించిన లండన్, ప్రధాన స్టేడియం దగ్గరే తప్పటడుగు వేసింది. 80 వేల సీట్లు ఆటలకు, తర్వాత విప్పేసి 25 వేలు అథ్లెటిక్స్‌కు అన్నది మొదటి డిజైను. కట్టడం సగమయ్యాక ఆలోచన మారి ఫుట్‌బాల్ క్లబ్బు కావాలన్నారు. 25 వేలకు వేసిన పైకప్పు ఫుట్‌బాల్‌కు చాలదు, ట్రాక్ మీదికి సీట్లు జరగాలి, మళ్ళీ వేసవిలో వెనక్కి వెళ్ళాలి. మార్పులకు 32 కోట్ల 30 లక్షల పౌండ్లయ్యాయి. అందులోకి వచ్చిన వెస్ట్ హామ్ క్లబ్బు కట్టే అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్ల దగ్గర మొదలైంది. సీట్లు ముందుకూ వెనక్కూ జరపడానికే దానికి మించి ఖర్చయిన సంవత్సరాలున్నాయి.

అదే పార్కులో ఈతకొలను కథ వేరు. 17,500 సీట్లలో పదిహేను వేలు రెండు తాత్కాలిక రెక్కల్లో పెట్టారు. ఆటలయ్యాక ఊడదీసి 2,500తో రోజువారీ కొలనుగా తెరిచారు. పన్నెండు వేల సీట్ల బాస్కెట్‌బాల్ హాలు మొత్తంగా తాత్కాలికమే. ఆటలకు మూడేళ్ళ ముందే, 2009లో, ఆటల తర్వాత పార్కు చూసుకునే కంపెనీ వేరుగా పుట్టింది. కట్టే సంస్థతో తర్వాతి యజమాని ముందే పోట్లాడగలిగాడు. ఈ తగవు పెట్టించడమే వారసత్వ సంస్థ అసలు ప్రయోజనం. ఆటలయ్యాక పుట్టిన వారసత్వ సంస్థకు మిగిలేది తాళాల గుత్తి, పాత బిల్లులు.

మన ఇళ్ళల్లో ఐదొందల మందికి భోజనం పెట్టాలంటే షామియానా వేస్తాం, వంటపాత్రలు అద్దెకు తెస్తాం, కల్యాణ మండపం కొనం. ప్రభుత్వానికి ఆటలొస్తే మండపమే కొంటుంది. కారణం కొంత పద్దులు రాసే తీరుది కూడా. తాత్కాలిక సీటింగు అద్దె రెవెన్యూ ఖర్చు, కాంక్రీటు మూలధన ఖర్చు. ఆడిట్‌లో మూలధన వ్యయం ఆస్తిలా కనిపిస్తుంది, అద్దె 'పోయిన డబ్బు'లా కనిపిస్తుంది. ఈ ఒక్క అకౌంటింగ్ అలవాటు మారితే సగం తెల్లఏనుగులు పుట్టవు. శాశ్వత సీటు ఒక్కటి పెంచితే దాని వెనక మెట్లు, మరుగుదొడ్లు, అగ్నిమాపక దారులు, పార్కింగు కూడా పెరుగుతాయి. అన్నీ శాశ్వతంగానే. 2014లో గ్లాస్గో హాంప్డెన్ పార్క్ ఫుట్‌బాల్ మైదానం మీద ఉక్కు కాళ్ళతో దాదాపు రెండు మీటర్ల ఎత్తున వేదిక కట్టి, దానిమీద అథ్లెటిక్స్ ట్రాక్ పరిచింది. ఆటలయ్యాక తీసేసింది. కొత్త స్టేడియం కట్టలేదు.

విప్పాక ఎక్కడికి తీసుకెళ్తారో కూడా రాసి ఉండాలి. రియోలో హ్యాండ్‌బాల్ అరీనాను విప్పి నాలుగు బడులు కడతామన్నారు. 2016లో ఆటలు ముగిసి ఏళ్ళు గడిచిపోయినా అది అక్కడే నిలబడి ఉంది, 2022లో గానీ విప్పడం మొదలు కాలేదు. విప్పుడు, రవాణా, పునర్నిర్మాణం మొదటి టెండరులోనే ధర కట్టి, ఆ సొమ్మును వేరే ఖాతాలో వేసి ఉంచాలి.

నిధి ముందా, ఆటలు ముందా

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ 23 కోట్ల 25 లక్షల డాలర్ల మిగులుతో ముగిశాయి. అందులో నలభై శాతం, సుమారు 9 కోట్ల 30 లక్షల డాలర్లు, దక్షిణ కాలిఫోర్నియా పిల్లల ఆటలకు నిధిగా పెట్టారు. అసలు కదపకుండా వచ్చే రాబడితో అది ఇప్పటికీ నడుస్తోంది. దాదాపు అన్నీ ఉన్న స్టేడియాలే వాడటం వల్ల వచ్చిన మిగులు అది. వాంకూవర్ మిగులు కోసం ఎదురుచూడలేదు. 2010 శీతాకాల ఒలింపిక్స్‌కు ఎనిమిదేళ్ళ ముందే, 2002లో, కేంద్రమూ రాష్ట్రమూ కలిసి 11 కోట్ల కెనడా డాలర్లు మూడు వేదికల నిర్వహణకని పక్కన పెట్టడానికి ఒప్పుకున్నాయి. నాకు నచ్చినది ఇదే. మాంట్రియల్ 1976 స్టేడియం అప్పు తీరింది 2006లో, పొగాకు మీద పన్నుతో. ఏదో ఒక రూపంలో ఆ డబ్బు కట్టక తప్పదు. ముందు కడితే వడ్డీ మనకొస్తుంది, తర్వాత కడితే వడ్డీ మనం కడతాం.

కాంక్రీటు కింద, మ్యాట్ మీద

నడిపేవాడు లేకపోతే ఏమవుతుందో విడివిడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కోలా చస్తుంది.

సింథటిక్ ట్రాక్ మందం 13 మిల్లీమీటర్లు. ఆయుష్షు ఎనిమిది నుంచి పదేళ్ళు. ఎండకు రంగు వెలవడం చిన్న విషయం. అసలు శత్రువులు రెండు. డ్రైనేజీ సరిగా లేక కింది తారు పొరలో నీరు నిలిస్తే ట్రాక్ బుడగలు లేస్తుంది. దాన్ని అతికించడం కుదరదు, కోసి మళ్ళీ పోయాల్సిందే. రెండోది సంగీత కచేరీలు, సభలు. స్టేజీ సామాను లారీ ఒక్కసారి ట్రాక్ ఎక్కితే చాలు. కచేరీలు వద్దనను, రాబడి కావాలి. కానీ ట్రాక్ దాటే చోట అల్యూమినియం పలకలు, ముందూ తర్వాతా ఫొటోలతో తనిఖీ, మరమ్మతు ఖర్చుకు సరిపడా డిపాజిట్ లేకుండా గేటు తీయకూడదు. ట్రాక్ మార్చాలంటే ఈ రోజుల్లో ఐదు నుంచి ఏడు కోట్లు.

50 మీటర్ల కొలను 25 మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు అయితే 25 లక్షల లీటర్లు పడుతుంది. ఆ నీరంతా ఆరు గంటలకోసారి ఫిల్టర్ల గుండా తిరగాలి, అంటే గంటకు నాలుగు లక్షల లీటర్లకు పైగా. మన వేసవిలో రోజుకు ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైతే పదివేల లీటర్లు పోతాయి. ఖర్చు ఎక్కువని నీళ్ళు తీసేసి ఖాళీగా ఉంచితే ఇంకా ప్రమాదం. వర్షాకాలంలో భూగర్భ జలం కింది నుంచి నెడితే టైల్స్ ఊడతాయి, నేల పగులుతుంది. కొలను వాడకపోయినా నింపే ఉంచాలి, పంపు తిప్పుతూనే ఉండాలి. అందుకే కొలను పక్కన బడులు లేని చోట కొలను కట్టకూడదు.

ఇండోర్ హాలుకు పైకప్పు చుక్క చాలు. మ్యాపుల్ ఫ్లోరు కింద గాలి ఆడే ఖాళీలోకి నీరు చేరితే పలకలు ఉబ్బి లేస్తాయి. ఏటా మే నెలలో, వానలకు ముందు, పైకప్పు గట్టర్లు శుభ్రం చేయడం ఒక మనిషి రెండు రోజుల పని. ఆ మనిషి జీతం ఏ హెడ్ కింద రావాలో తేలక కోట్ల ఫ్లోర్లు పోతాయి.

సామాను సంగతి కూడా ఇంతే. హర్డిళ్ళు, పోల్‌వాల్ట్ మ్యాట్లు, బాక్సింగ్ రింగులు ఆటల కోసం కొంటారు, ఆటలయ్యాక గోదాములో ఎలుకల పాలవుతాయి. కొనుగోలు ఆర్డరులోనే ప్రతి వస్తువు పక్కన ఆటల తర్వాత వెళ్ళే జిల్లా పేరు, తీసుకునే అధికారి హోదా రాస్తే ఈ సమస్య ఉండదు.

మనుషుల విషయానికొస్తే ఒడిశా చేసింది చూడాలి. 2017 ఆసియా అథ్లెటిక్స్‌ను రాంచీ వదులుకుంటే భువనేశ్వర్ మూడు నెలల్లో కళింగ స్టేడియాన్ని సిద్ధం చేసింది. 2018, 2023 హాకీ ప్రపంచకప్‌లు నిర్వహించింది. అంతటితో ఆగకుండా స్టేడియం ఆవరణలోనే కంపెనీల భాగస్వామ్యంతో ఒక్కో ఆటకు హై పెర్ఫార్మెన్స్ సెంటర్లు పెట్టింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ అయింది అక్కడి అథ్లెటిక్స్ సెంటర్‌లో శిక్షణతోనే. మన రాష్ట్రాలు దీన్ని గర్వంతో పాటు కొంచెం సిగ్గుతో కూడా చదువుకోవాలి.

ఒక్క అబద్ధం మాత్రం ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండు: ఆటలు చూసి జనం ఆడటం మొదలుపెడతారన్నది. పెద్ద క్రీడోత్సవాల వల్ల ఆతిథ్య దేశ ప్రజల ఆరోగ్యం మెరుగుపడిందనడానికి తగిన ఆధారాలు లేవని 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. లండన్ పది లక్షల మందిని అదనంగా ఆటల్లోకి తెస్తామంది, ఆటలు రాకముందే ఆ లక్ష్యాన్ని వదిలేసింది. 2010లో అదే దేశ ప్రభుత్వం బడుల మధ్య క్రీడా భాగస్వామ్యాలకు ఇచ్చే 16 కోట్ల పౌండ్ల పైచిలుకు నిధిని ఆపేసింది. టీవీలో స్ప్రింటు చూసిన పిల్లాడికి మర్నాడు బడిలో పీఈటీ ఉండాలి, పీరియడ్ ఉండాలి, ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకోకుండా ఉండాలి.

అహ్మదాబాద్‌కు, మనకు

మోతెరాలో లక్షా ముప్పైరెండు వేల మంది పట్టే స్టేడియం ఇప్పటికే ఉంది, నారన్‌పురాలో వీర్ సావర్కర్ క్రీడా సముదాయం 2025లో తెరిచారు. అక్కడివాళ్ళు 2026లోనే చేయాల్సిన పని, ఒక్కో వేదికకూ ఆటల తర్వాతి పదేళ్ళ ఆదాయ వ్యయాల పట్టిక ప్రజల ముందు పెట్టడం. 2027కల్లా నిర్వహణ సంస్థల ఎంపిక, 2028కల్లా నిధి జమ. 2036 వస్తుందో రాదో తెలియకుండా ఒలింపిక్ స్థాయి సీట్లను 2030కే కాంక్రీటులో పోయడం ఢిల్లీని మించిన తప్పవుతుంది. పునాదులూ స్తంభాలూ అదనపు బరువుకు సరిపడా వేసి, పైవరుసలు తర్వాత బిగించుకునే ఏర్పాటు చేసుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాలకు ఆటల్లో వాటా కావాలన్న కోరిక సహజమే. ఒకటి రెండు పోటీలు తెచ్చుకుని మళ్ళీ కొత్త స్టేడియం కట్టే బదులు, విదేశీ జట్లకు ఆటల ముందరి శిక్షణ శిబిరాలు తెచ్చుకోవడం తేలిక, చవక. లండన్ నిర్వాహకులు 2012కు చాలా ముందే దేశమంతటా అర్హత ఉన్న శిక్షణ కేంద్రాల జాబితా ప్రచురించారు, జట్లు అందులోంచి ఎంచుకున్నాయి. హైదరాబాద్‌కు విమానాశ్రయం, హోటళ్ళు, ఆసుపత్రులు, ఒకే చోట ట్రాక్, కొలను, హాలు ఉన్నాయి. ఇంకా ఉండాల్సినవి చెబుతాను: అంతర్జాతీయ ధ్రువీకరణ గడువు మిగిలి ఉన్న ట్రాక్, డోపింగ్ నమూనాలు తీసుకోవడానికి నిబంధనల ప్రకారం ప్రత్యేక గది, ఐస్ బాత్‌లు, వెయిట్ రూములో ఒలింపిక్ బార్లు చాలినన్ని, ఆటగాళ్ళ భోజనం చూసే పోషకాహార నిపుణురాలు, రాత్రి పది తర్వాత కూడా తలుపు తీసే అధికారం ఉన్న ఒక వేదిక మేనేజరు. విశాఖలో సముద్రపు గాలిలో శిక్షణ కోరుకునే జట్లూ ఉంటాయి. ఇవన్నీ కలిపినా ఒక మధ్యరకం స్టేడియం ఖర్చులో చిన్న భాగం. శిబిరం ముగిశాక మిగిలే బార్లూ, ఐస్ బాత్‌లూ, మేనేజరూ మర్నాటి ఉదయం ఐదింటికి మన పిల్లలకే. 2029 వేసవికల్లా ట్రాక్ తిరిగి పరిచి, ధ్రువీకరణ చేతికి తెచ్చుకోవాలంటే ఆ టెండరు 2028 దసరా లోపు పిలవాలి, వానాకాలంలో పాలియురెథేన్ పోయలేరు కాబట్టి.